రొయ్య మన చెరువుది, సాస్ సీసాది ఎందుకు?

ఈసారి మన ఫెస్ట్‌లో అన్నిటికంటే పెద్ద క్యూ బార్బెక్యూ స్టాల్ దగ్గరే. పుల్లలకి గుచ్చిన చికెన్, పనీర్, మష్రూమ్, బేబీ కార్న్. వాటి మీద సీసాలోంచి ధారగా ముదురు ఎరుపు సాస్. నా వంతు వచ్చేలోపు మెనూ బోర్డు నాలుగుసార్లు చదివా. రొయ్య లేదు. గేటు బయట బస్సెక్కితే ముప్పావుగంటలో రొయ్యల చెరువులు మొదలవుతాయి, రాత్రిపూట ఏరేటర్ల చప్పుడు రోడ్డు మీదకి వినిపిస్తుంది. అలాంటి చోట బేబీ కార్న్ దొరికింది గానీ రొయ్య దొరకలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, నచ్చనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. బొగ్గుల మీద కాల్చుకు తినడానికి రొయ్యని మించింది లేదు. దానికి పూసే సాస్ మనమే చేసుకోవాలి. ఇదంతా రుచి గొడవే అయితే అమ్మ వాట్సాప్ గ్రూపులో పెట్టేసి ఊరుకునేవాణ్ణి. కానీ ఇందులో మన చుట్టుపక్కల చాలా కుటుంబాల తిండి సంగతి కూడా ఉంది.

దేశంలో రొయ్యలు అందరికంటే ఎక్కువ పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. మన దేశపు రొయ్యలు అందరికంటే ఎక్కువ కొనే దేశం అమెరికా. అంటే టెక్సాస్‌లో ఒకాయన జులై 4న పెరట్లో గ్రిల్ వెలిగించి, ఫ్రీజర్లోంచి రొయ్యల ప్యాకెట్ తీస్తే, ఆ రొయ్య భీమవరం పక్కన చెరువులో పెరిగింది అయ్యే అవకాశం బాగానే ఉంది. మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడి షాపులో కొన్న ప్యాకెట్ ఫోటో ఒకసారి పంపాడు, వెనక ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’ అని ఉంది. కింద మెసేజ్: ‘మీ ఊరి నుంచి నాకంటే ముందే వచ్చేసింది రా.’ తల తీసి, పొట్టు తీసి, నరం తీసి, తోక మాత్రం ఉంచి నీట్‌గా సర్దిన రొయ్యలు. ఆ పనంతా ఇక్కడి ప్రాసెసింగ్ ప్లాంట్లలో, చల్లటి నీళ్ళలో చేతులు పెట్టి, ఎక్కువగా ఆడవాళ్ళు చేస్తారు. కొన్ని ప్లాంట్లలో పుల్లకి గుచ్చి కూడా ప్యాక్ చేస్తారు. ఇంకేం మిగిలింది? నిప్పు, సాస్. ఆ రెండూ మాత్రం వాళ్ళు పెట్టుకుంటారు.

మన దగ్గర రొయ్య గురించి మాట్లాడుకునే భాష వినండి. చెరువు గట్టు మీద ‘రొయ్య బాగుందా’ అని ఎవరూ అడగరు, ‘కౌంట్ ఎంత’ అంటారు. కిలోకి ఎన్ని తూగితే అది కౌంట్. 30 కౌంట్ అంటే పెద్దవి, 100 కౌంట్ అంటే ఒక్కోటి పది గ్రాములవి. అమెరికాలో ఇదే లెక్క పౌనుకి, అందుకే వాళ్ళ ప్యాకెట్ మీద 16/20, 26/30 అని ఉంటుంది. మా బంధువుల్లో చెరువులున్న ఇళ్ళలో కూడా పెద్ద కౌంట్ రొయ్య ఇంట్లో వండరు. ‘అది ఎక్స్‌పోర్ట్ సరుకురా’ అంటారు. ఇంటికి వచ్చేది చిన్నది, లేదా లెక్కలో మిగిలింది.

అమ్మకం బాగున్నప్పుడు ఇది తెలివైన పనే. డాలర్లు వస్తుంటే ఎవరు కాదంటారు? కానీ కొనేవాడు ఒక్కడే అయితే ఏమవుతుందో 2025లో చూశాం. ఆగస్టు 27 నుంచి భారత సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయింది. రొయ్యల మీద యాంటీ డంపింగ్ లాంటివి అప్పటికే ఉన్నాయి, ఇది వాటి పైన. ఎక్కడో వాషింగ్టన్‌లో సంతకం పెడితే ఇక్కడ కౌంట్ రేట్లు పడిపోయాయి, కొందరు చెరువు ఎండగట్టి కొత్త సీడ్ వెయ్యడం మానేశారు. మా బ్యాచ్‌లో ఆక్వా రైతుల పిల్లలు ఉన్నారు, ఆ నెలల్లో సెమిస్టర్ ఫీజు కట్టడం ఎలా జరిగిందో వాళ్ళని అడగండి. సుంకం తర్వాత ఎక్కొచ్చు, దిగొచ్చు, అది వేరే విషయం. సిస్టమ్ డిజైన్ క్లాసులో మనకి మొదట చెప్పేదే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ ఉండకూడదని. జిల్లాలకి జిల్లాలు అలాగే కట్టుకుని కూర్చున్నాం.

‘నువ్వు నాలుగు పుల్లలు కాల్చుకు తింటే రైతు బాగుపడిపోతాడా?’ అని మా రూమ్మేట్ అడిగాడు. పడడు. కానీ గుడ్డు సంగతి చూడండి. 1982లో డాక్టర్ బి.వి. రావు ముందుండి కోళ్ళ రైతులతో నెక్ అనే సంఘం పెట్టించారు. అప్పటిదాకా వ్యాపారి చెప్పిందే గుడ్డు రేటు. తర్వాత ఆ సంఘమే రోజూ రేటు ప్రకటించడం మొదలుపెట్టింది, దాంతోపాటు గుడ్డు తినండహో అని టీవీలో ఊదరగొట్టింది. ఇవాళ గుడ్డు లేని హాస్టల్ మెస్ ఉందా? ఎగ్ పఫ్ లేని బేకరీ ఉందా? గుడ్డుకి మన దేశంలోనే తినేవాళ్ళు తయారయ్యారు. రొయ్యకి అలా ఎవరూ గట్టిగా పూనుకోలేదు. ఫిష్ ఆంధ్ర పేరుతో ప్రభుత్వం షాపులు పెట్టించింది, మంచిదే. కానీ షాపు పెడితే అలవాటు రాదు. ఒకళ్ళు తింటుంటే పక్కవాడికి నోరూరితే వస్తుంది. నోరూరించడంలో నిప్పుల మీద కాలుతున్న రొయ్యకి పోటీ ఏముంది చెప్పండి, ఆ వాసన ఒక్కటి చాలు. ఇగురు వాసన వంటింటి గోడ దాటదు, కాల్చినది వీధి చివరిదాకా పోతుంది.

ఇంకో అభ్యంతరం ఉంది, అది తేలిగ్గా తీసెయ్యాల్సింది కాదు. రొయ్యల చెరువుల వల్ల వరి పొలాలు ఉప్పబారాయి, చుట్టుపక్కల ఊళ్ళలో తాగే నీళ్ళు పాడయ్యాయి. ఇది 1996లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తీర్పు వచ్చిన గొడవ, ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. మరి అలాంటి రొయ్యని తినమంటావేంటి అనొచ్చు. నా మాట వేరే. అమెరికా, యూరప్ వాళ్ళు కంటైనర్ దిగగానే శాంపిల్ తీసి యాంటీబయాటిక్ ఆనవాళ్ళున్నాయా అని చూస్తారు, దొరికితే సరుకు వెనక్కి. వాళ్ళు తింటారు కాబట్టి అడుగుతారు. మన సంతలో రొయ్య కొనేటప్పుడు ‘ఏ చెరువుది, ఏం మందు వాడారు’ అని మనం అడగం. మనం పెద్దగా తినం, అడగం, కాబట్టి ఎవరూ చెప్పరు. తినేవాళ్ళు ఇక్కడే ఉంటే, నీళ్ళు పాడు చేసినవాణ్ణి నిలదియ్యడానికి ఓట్లతోపాటు నోట్లు కూడా మన చేతిలో ఉంటాయి.

ఇక సాస్ సంగతికి వద్దాం.

‘బార్బెక్యూ మన వంట కాదు కదా’ అనేవాళ్ళు మన క్లబ్బులోనే ఉన్నారు. సరే, లెక్క తీద్దాం. బార్బెక్యూ అనే మాట కరీబియన్ దీవుల్లోని తైనో జనం వాడిన ‘బార్బకోవా’ నుంచి, స్పానిష్ మీదుగా వచ్చింది. దానర్థం కర్రలతో కట్టిన మంచె లాంటిది. మన గుంటూరు మిరప కూడా పుట్టుక రీత్యా అమెరికా ఖండానిదే, పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు. టొమాటో కూడా అక్కడిదే. చివరికి మన చెరువుల్లో నిండా పెరుగుతున్న వనామీ రొయ్య సొంతూరు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. 1990లలో మన టైగర్ రొయ్యకి తెల్లమచ్చ జబ్బు తగిలి చెరువులు కుదేలయ్యాయి, 2009లో వనామీ పెంపకానికి అనుమతి వచ్చింది. అంటే మన కౌంట్ రొయ్య నాకంటే చిన్నది! అటు నుంచి చూస్తే, అమెరికన్లు బార్బెక్యూ సాస్‌లో తరచుగా పోసే వూస్టర్‌షైర్ సాస్‌లో చింతపండు ఉంటుంది. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా, అరబ్బులు దాన్ని ‘తమర్ హిందీ’, అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు, అదే టామరిండ్ అయింది. ఇందులో ఎవరి వంట ఏదో తేల్చండి చూద్దాం. నా వల్ల కాలేదు.

అసలు అమెరికాలో కూడా ‘బార్బెక్యూ సాస్’ అని ఒక్కటి లేదు. కాన్సస్ సిటీలో టొమాటో, మొలాసిస్‌తో చిక్కగా, తియ్యగా చేస్తారు. నార్త్ కరోలినా తూర్పు భాగంలో వెనిగర్, మిరప మాత్రమే, నీళ్ళలా పల్చగా. సౌత్ కరోలినాలో ఆవాలతో పసుపుపచ్చగా. అలబామాలో మయొనీజ్‌తో తెల్లగా. న్యూ ఆర్లీన్స్‌లో ‘బార్బెక్యూ ష్రింప్’ అని ఓ ప్రసిద్ధమైన వంటకం ఉంది, 1950లలో అక్కడి పాస్కల్స్ మనాలే రెస్టారెంట్‌లో మొదలైంది. అందులో బార్బెక్యూ లేదు, గ్రిల్ లేదు, వెన్నలో మిరియాలేసి వండుతారంతే! అంటే ప్రతి ఊరూ తన దగ్గర దొరికేదాంతో తన సాస్ చేసుకుంది. మనకి సూపర్ మార్కెట్‌లో దొరికేది కాన్సస్ సిటీ రకానికి దూరపు చుట్టం. దాన్నే ప్రపంచం మొత్తానికీ డిఫాల్ట్ సెట్టింగ్ అనుకుంటున్నాం. ఆ సీసా వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. చాలావాటిలో మొదటి రెండు మూడు పేర్లలోనే చక్కెరో, ఏదో ఒక సిరప్పో ఉంటుంది. పొగ వాసన కోసం స్మోక్ ఫ్లేవర్ వేరే. నిప్పు మీద కాల్చే వంటకి పొగ వాసన సీసాలోంచి రావడమేంటి, నాకర్థం కాదు.

నేను చేసే సాస్ ఇది. కిలో రొయ్యలు తెచ్చి శుభ్రం చేస్తే చేతికి అరకిలో పైన వస్తాయి, దానికి సరిపోతుంది. నాలుగు టొమాటోలు, ఒక పెద్ద ఉల్లిపాయ, ఆరు వెల్లుల్లి రెబ్బలు బొగ్గుల మీదే పెట్టి తొక్క నల్లబడేదాకా కాల్చాలి. వంకాయ పచ్చడికి వంకాయ కాలుస్తాం చూడండి, అలా. పొగ రుచి ఇక్కడే వచ్చేస్తుంది. తొక్క తీసి, నిమ్మకాయంత చింతపండు నానబెట్టి తీసిన గుజ్జు కలిపి మెత్తగా రుబ్బాలి. మూకుడులో రెండు చెంచాల నూనె వేసి ఈ ముద్ద, అరవై గ్రాముల బెల్లం, రెండు చెంచాల కారం, చెంచా వేయించిన జీలకర్ర పొడి, అరచెంచా మిరియాల పొడి, అరచెంచా ఆవపిండి, ఉప్పు వేసి సన్నటి సెగ మీద పదిహేను ఇరవై నిమిషాలు ఉడకనివ్వాలి. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలబడాలి, అప్పుడు దించెయ్యండి. కారం ఎక్కువైతే బెల్లం వెయ్యండి, తీపి ఎక్కువైతే చింతపండు. ఓపెన్ సోర్స్ లాంటిది ఇది, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు మార్చుకోవచ్చు. సీసా సాస్‌కి ఆ వీలు లేదు, వాళ్ళు తియ్యగా చేస్తే మనం తియ్యగా తినాలి.

‘ఇది టొమాటో పచ్చడి కదరా’ అంది మా అమ్మ, రుచి చూసి. దాదాపు అంతే. అందుకే నాకు నచ్చింది.

ఈ వ్యాసం మన క్లబ్ పత్రికకే ఎందుకు రాస్తున్నానంటే, నిప్పుల దగ్గర నాకో తెలుగు మాట అర్థమైంది. ఇంగ్లీషు మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు సెకండ్ లాంగ్వేజ్. పరీక్ష కోసం జాతీయాలు బట్టీ పట్టేవాళ్ళం: నివురుగప్పిన నిప్పు అంటే బయటికి కనపడని ప్రమాదం, సొంత వాక్యంలో రాయుము. రెండు మార్కులు. నివురు అంటే ఏంటో అప్పుడు ఎవరూ అడగలేదు. బొగ్గు రాజుకున్న ఇరవై ముప్పై నిమిషాలకి మంట పోయి, మీద పల్చగా తెల్లటి బూడిద పొర వస్తుంది. అదీ నివురు. లోపల కణకణలాడుతూ ఉంటుంది, పైకి చల్లారినట్టు కనిపిస్తుంది. గ్రిల్లింగ్ గురించి ఏ అమెరికన్ పుస్తకం తీసినా ‘బొగ్గుల మీద బూడిద పొర వచ్చేదాకా ఆగండి’ అని ఒక పేరా రాసి ఉంటుంది. మనకి ఆ పేరా మొత్తం రెండు మాటల్లో ఉంది. రొయ్యలు కాల్చాల్సింది నివురుగప్పిన నిప్పు మీదే. మంట మీద పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. సరిపడా వేడి ఉందో లేదో తెలియాలంటే అరచెయ్యి జాలీకి జానెడు పైన పెట్టండి. మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు చెయ్యి లాగేసుకోవాలనిపిస్తే సిద్ధం.

రొయ్యలు 30, 40 కౌంట్ అయితే బాగుంటాయి. తోక ఉంచి మిగతా పొట్టు తీసి, వీపు మీద గాటు పెట్టి నల్ల నరం లాగేసి, గుడ్డతో తడి మొత్తం అద్దెయ్యాలి. తడిగా ఉంటే అది కాలడం కాదు, ఆవిరి పట్టడం అవుతుంది. ఉప్పు, పసుపు, నూనె, కొంచెం వెల్లుల్లి, అంతే. పులుపు అప్పుడే పట్టించొద్దు, ఎక్కువసేపు ఉంటే కండ పీచుపీచుగా పొడిపొడిగా అవుతుంది. వెదురు పుల్లలైతే అరగంట ముందు నీళ్ళలో వేసి ఉంచాలి, లేకపోతే రొయ్యకంటే ముందు పుల్ల కాలుతుంది. ఒక్కో వరసకి రెండు పుల్లలు పక్కపక్కన గుచ్చండి. ఒకటే పుల్ల అయితే తిప్పినప్పుడు పుల్ల తిరుగుతుంది, రొయ్య తిరగదు.

ఒక్కో వైపు రెండు నిమిషాలు చాలు. ముదురు బూడిద రంగు గులాబీ రంగులోకి మారడం చూడటం నాకెప్పటికీ విసుగు పుట్టదు. రొయ్యలో ఎర్ర రంగు మొదటినుంచే ఉంటుంది, అస్టాజాంతిన్ అని, ఒక ప్రొటీన్ దాన్ని పట్టుకుని దాచి ఉంచుతుంది. వేడికి ఆ ప్రొటీన్ విడిపోగానే ఎరుపు బయటపడుతుంది. రొయ్య ఇంగ్లీషు సి అక్షరంలా వంగితే ఉడికింది. ఓ అక్షరంలా చుట్టుకుపోతే అతిగా ఉడికి రబ్బరైంది. సాస్ మాత్రం ఆఖరి నిమిషంలోనే పుయ్యాలి. బెల్లం ఉంది కదా, మొదటే పూస్తే మాడి చేదెక్కుతుంది. రెండు వైపులా ఒక్కసారి పూసి, బుడగలు రాగానే తీసెయ్యండి. స్టాళ్ళలో చికెన్ మీద నల్లగా కనిపించేదాన్ని ‘స్మోకీ’ అని మురిసిపోతాం గానీ, చాలాసార్లు అది మాడిన చక్కెర.

ఫోటోల్లో కనిపించే రంగురంగుల పుల్లలంటే నాకు పడదు. రొయ్య, పక్కన క్యాప్సికమ్, పక్కన ఉల్లి, మళ్ళీ రొయ్య. క్యాప్సికమ్ కాలడానికి ఎనిమిది పది నిమిషాలు, రొయ్యకి నాలుగు. ఒకే పుల్ల మీద ఉంటే ఎవరో ఒకరు బలి. వంజరం ముక్కలు కావాలంటే వేరే పుల్ల, స్క్విడ్ అయితే ఇంకో పుల్ల. వంజరం మందంగా ఉంటుంది, నిదానంగా కాలాలి. స్క్విడ్‌కి గట్టి వేడి మీద నిమిషం రెండు నిమిషాలు చాలు, దాటితే నమలలేం. ఒక్కో పుల్లకి ఒక్కో జాతి, అంతే.

హాస్టల్లో ప్రయత్నించే మహానుభావులకి ఒక మాట. బొగ్గులు గదిలో, బాల్కనీలో వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. ఆరుబయట పెట్టుకోండి, పక్కన బకెట్ నీళ్ళు ఉంచుకోండి. రొయ్య పడనివాళ్ళు కూడా గుంపులో ఎవరో ఒకరు ఉంటారు, ‘ఒక్కటి తింటే ఏం కాదులే’ అని బలవంతం చెయ్యొద్దు, నిజంగానే అవుతుంది. వాళ్ళకి పనీర్ కాల్చి ఇదే సాస్ పుయ్యండి, అయితే వేరే జాలీ మీద, వేరే గిన్నెలో తీసి పెట్టిన సాస్‌తో. మిగిలింది ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. మా ఇంట్లో మూడో రోజుకే దోసెల్లోకి అయిపోయింది.

చివరిగా ఒక సందేహం, క్లబ్ పెద్దలు తీర్చాలి. స్క్యూయర్‌ని తెలుగులో ఏమనాలి? వెదురుదైతే పుల్ల అంటున్నా. ఇనుపదాన్ని మా తాతయ్య ఊచ అన్నారు, కబాబ్ బండి ఆయన సీకు అన్నాడు, మా సీనియర్ అన్న ఒకడు చువ్వ అంటాడు. మీ ఊళ్ళో ఏమంటారో రాసి పంపండి, వచ్చే సంచికలో వేద్దాం.